వెంట వెళ్లడమే మన పని: గల్ఫ్‌లో సేవకు దిగుతున్న తమ్ముడికి

షార్జా

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. దుబాయి సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఉన్న మనవాళ్లకు చేతనైనంత చేయాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశావు. జెబెల్ అలీ గోదాములో వారానికి ఆరు రోజులు పనిచేసి, ఉన్న ఒక్క సెలవునూ ఇందుకు ఇస్తాననే కుర్రవాడు కనబడితే నాకెంత సంతోషమో చెప్పలేను. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని తీరిగ్గా రాస్తున్నాను. దాచుకుని, అవసరం పడినప్పుడు తీసి చదువుకో.

ముందుగా ఒక సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. మనం ఎవరికీ ఏ పనీ చేసిపెట్టలేం. రావలసిన జీతం ఇప్పించేది కార్మిక మంత్రిత్వ శాఖ, అక్కడ తేలకపోతే కోర్టు. ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాడు ఇంటికి వెళ్లడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం, ఇచ్చేది మన కాన్సులేట్. వీసా జరిమానా సంగతి చూసేది ఇమిగ్రేషన్. మృతదేహాన్ని అప్పగించేది ఆసుపత్రి, పోలీసులు. మరి మన పని ఏమిటంటావా? ఏ తలుపు తట్టాలో తెలియక ఆగిపోయిన మనిషిని ఆ తలుపు దాకా తీసుకెళ్లడం. అక్కడ కూర్చున్నవాళ్లకు అతని గోడు అర్థమయ్యేలా చెప్పడం. పని తేలేదాకా అతన్ని ఒంటరిగా వదలకపోవడం. హిందీ అంతంతమాత్రంగా, ఇంగ్లీషు అసలు రాకుండా జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీకి ఈ మాత్రం చేసేవాడు దొరకడమంటే సగం కష్టం తీరినట్టే. నీ పేరు నలుగురికీ తెలిసిన కొద్దీ ‘నేను చూసుకుంటాను, నువ్వు నిశ్చింతగా ఉండు’ అనే మాట నోటి దాకా వస్తుంది. ఆ మాట అనకు. కోర్టు తీర్పు నీ చేతిలో లేదు, కంపెనీ ఖాతాలో డబ్బు ఉందో లేదో నీకు తెలియదు. అవతల వాడు నీ మాట పట్టుకుని ఇంటికి ఫోను చేసి ‘పది రోజుల్లో డబ్బు వస్తుంది’ అని చెప్పేస్తాడు. అక్కడ భార్య అప్పులవాడికి అదే గడువు చెబుతుంది. కనుక తెలిసింది తెలిసినట్టు చెప్పు, తెలియనిది కనుక్కుని చెబుతానను, కనుక్కున్నాక తప్పకుండా చెప్పు.

దీన్ని నీ రోజులో ఎలా ఇముడ్చుకోవాలన్నది రెండో సంగతి. కార్మికుల బస్సులు తెల్లవారుజామునే క్యాంపుల నుంచి బయలుదేరతాయి. రాత్రి గదికి చేరి, వంట చేసుకుని, తిని పడుకునే ముందు వాళ్లకు దొరికే సమయం గంట, గంటన్నర. నీకు ఫోనులన్నీ అప్పుడే వస్తాయి. మనకంటే ఇండియా గంటన్నర ముందుంటుంది కనుక ఊళ్లో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే సాయంత్రమే మాట్లాడేయాలి. రాత్రి పది దాటాక ఇక్కడి నుంచి ఫోను మోగితే అక్కడ అర్ధరాత్రి. గల్ఫ్ నుంచి అర్ధరాత్రి ఫోను వస్తే ఆ ఇంట్లో వాళ్ల గుండె ఎలా కొట్టుకుంటుందో నీకు తెలియనిది కాదు. డ్యూటీలో ఉన్నప్పుడు ఫోను ఎత్తకు. మధ్యాహ్నం భోజనం వేళ, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా అందుబాటులో ఉంటానని అందరికీ చెప్పు. నాలుగు సార్లు చెబితే అలవాటు పడతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం వేళ చూడనక్కరలేదని, ముందు 999కి చేసి ఆ తరువాత నీకు చేయమని చెప్పు.

వెనుకటి రోజుల్లో మాకు శుక్రవారం సెలవు. 2022 జనవరి నుంచి ఇక్కడ ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారాక చాలా కంపెనీలు ఆదివారం సెలవు ఇస్తున్నాయి. అంటే కార్మికుడికి సెలవు ఉన్న రోజున ప్రభుత్వ కార్యాలయం మూసి ఉంటుంది. అందుకే ఆదివారాన్ని కాగితాలు చూసుకోవడానికి, మాట్లాడడానికి వాడు. అర్జీలు ఫోను ద్వారానో మంత్రిత్వ శాఖ యాప్ ద్వారానో వెళ్లేలా చూడు. కార్మిక శాఖ పనులు చేసిపెట్టే తస్‌హీల్ సెంటర్‌కు వెళ్లక తప్పని పనికి మాత్రమే మనిషి చేత సెలవు పెట్టించు. ఒక రోజు జీతం పోవడం నీకూ నాకూ చిన్న సంగతిగా కనిపించవచ్చు. నెలకు వెయ్యి, పన్నెండు వందల దిర్హాములు తెచ్చుకునేవాడికి కాదు.

ఒక పుస్తకం పెట్టుకో. ఫోనులో కాదు, కాగితం మీద. వచ్చిన ప్రతి మనిషికీ ఒక పేజీ: పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎమిరేట్స్ ఐడీ నంబరు, కంపెనీ పేరు, ఏ వీసా మీద వచ్చాడు, ఎవరు పంపారు, ఇంట్లో ఎవరికి చెప్పాలి. ఆ కింద ఏ తేదీన ఎక్కడికి వెళ్లాం, ఎవరు ఏమన్నారు, ఫిర్యాదు నంబరు ఎంత అన్నది రాస్తూ పో. మనవాళ్ల పేర్లతో పెద్ద చిక్కు ఉంది. ఊళ్లో పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనకా ముందూ అయి మరొకటి. ఒక్క అక్షరం తేడాతో వారాల తరబడి కాగితాలు ఆగిపోతాయి. ఆ పుస్తకం ఎవరి చేతిలోనూ పడనివ్వకు. అందులో ఉన్నవి పరాయివాళ్ల బతుకులు.

ఇక ఎక్కువగా వచ్చే జీతాల గొడవ. నీ ఉత్తరంలో రాసిన ఆ కామారెడ్డి టైల్స్ మేస్త్రీ సంగతే తీసుకుందాం. నాలుగు నెలలుగా జీతం లేదు, విసిగిపోయి క్యాంపు వదిలి స్నేహితుల గదికి వెళ్లిపోదామనుకుంటున్నాడని రాశావు. అతన్ని ముందు అక్కడే ఆపు. వరసగా ఏడు రోజులకు మించి పనికి రాలేదంటే కంపెనీ అతని మీద పరారీ కేసు పెట్టవచ్చు. అది పడిందంటే డబ్బు అడగవలసినవాడే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. పనిలో ఉండగానే ఫిర్యాదు చేయాలి. ఈ దేశంలో జీతాలు 2009 నుంచి వేతన రక్షణ పద్ధతి కింద బ్యాంకుల ద్వారా, ఎక్స్ఛేంజీల ద్వారా వెళ్లాలి. ఇవ్వవలసిన తేదీ దాటి 15 రోజులైతే అది ఆలస్యం కిందే లెక్క. అంటే అతనికి జీతం పడలేదన్న సంగతి ప్రభుత్వ రికార్డులోనే కనిపిస్తుంది. కార్మిక మంత్రిత్వ శాఖ ముందు ఇద్దరినీ పిలిచి రాజీకి చూస్తుంది. 2024 జనవరి నుంచి 50,000 దిర్హాముల లోపు తగాదాను ఆ శాఖే తేల్చేయగలదు. కోర్టుకు వెళ్లవలసి వచ్చినా లక్ష దిర్హాముల లోపు దావాకు కార్మికుడు కోర్టు రుసుము కట్టనక్కరలేదు. పని మానేసినవాళ్లకు కూడా ఆ తేదీ నుంచి రెండేళ్ల దాకా గడువు ఉంది. ‘కోర్టంటే లక్షలు ఖర్చు’ అని భయపెట్టి ఊరుకోబెట్టేవాళ్లు ఉంటారు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

రాజీ అన్నప్పుడు ఒక మాట. నాలుగు నెలల జీతానికి బదులు రెండు నెలలది ఇచ్చి, టికెట్ కొని పంపిస్తామని కంపెనీ అంటుంది. ఒప్పుకోవాలా వద్దా అని అతను నీ మొహంలోకి చూస్తాడు. నువ్వు నిర్ణయించకు. పోరాడితే ఎంత కాలం పట్టవచ్చు, ఆ కాలంలో తిండికి ఏం చేస్తాడు, ఇంటి దగ్గర వడ్డీ ఎంత పెరుగుతుంది, అన్నీ లెక్క వేసి కాగితం మీద చూపించు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి ఏజెంటుకు కట్టినవాడి లెక్క నీ లెక్కలా ఉండదు. అతను సగానికి ఒప్పుకుని వెళ్లిపోతే నిరుత్సాహపడకు, మందలించకు. ఒక్క షరతు మాత్రం పెట్టు: డబ్బు చేతిలో పడకుండా ‘అన్నీ ముట్టాయి’ అనే కాగితం మీద సంతకం చేయవద్దని. అరబ్బీలో ఉన్న ఏ కాగితాన్నైనా చదివించుకోకుండా సంతకం పెట్టవద్దని. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర అట్టిపెట్టుకోవడం ఇక్కడి చట్టానికి విరుద్ధమని కూడా చెప్పు. చాలామందికి ఇది తెలియదు.

వీసా గడువు దాటిపోయినవాళ్లు, మనవాళ్ల భాషలో ఖల్లివల్లి అయినవాళ్లు, నీ దగ్గరికి చాటుగా వస్తారు. రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా పెరుగుతుంటుంది. పెరిగిన కొద్దీ భయం, భయపడిన కొద్దీ దాక్కోవడం. వాళ్లను ఎవరూ పనిలోకి తీసుకోకూడదు, నీ గదిలో ఉంచుకోకూడదు. చట్టం చాలా కఠినంగా ఉంది, నీ బతుకు కూడా చెడుతుంది. చేయవలసిందల్లా కాన్సులేట్‌కు చేర్చడమే. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మాత్రం ఒక్క రోజు కూడా వృథా కానివ్వకు. 2018లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చారు. రెండుసార్లూ ముందు ప్రకటించిన గడువును చివర్లో పొడిగించారు. పొడిగిస్తారులే అని కూర్చున్నవాళ్లు చివరి వారం వరసల్లో అవస్థ పడ్డారు. క్యాంపు క్యాంపుకూ తిరిగి మొదటి వారంలోనే కదిలించడం మనలాంటివాళ్లు చేయగల గొప్ప పని. ఔట్‌పాస్‌కు భారతీయుడని చూపించే ఆధారం కావాలి. పాత పాస్‌పోర్టు జిరాక్స్ ఒక్కటి ఇంట్లో దొరికినా ఎంతో మేలు. అందుకే నీకు పరిచయమైన ప్రతివాడి చేత పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ, ఒప్పంద పత్రం ఫొటోలు తీయించి ఇంట్లో భార్యకో తల్లికో పంపించు. ఆదివారం ఒక గదిలో కూర్చుంటే అరగంటలో పదిమందికి ఈ పని అయిపోతుంది. నువ్వు మొదలుపెట్టవలసింది ఇక్కడే.

ఇప్పుడు డబ్బు. తమ్ముడూ, ఈ పేరా రెండుసార్లు చదువు. ఎవరి కోసమైనా సరే, ఎంత కష్టంలో ఉన్నవాడి కోసమైనా సరే, నీ ఖాతాలోకి చందాలు పోగుచేయకు. ఈ దేశంలో 2021లో వచ్చిన విరాళాల చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప వ్యక్తులు చందాలు వసూలు చేయకూడదు. వాట్సాప్ గ్రూపులో ‘తలా ఇరవై వేయండి’ అని ఖాతా నంబరు పెట్టినా అది చందా వసూలే. జరిమానా లక్షల దిర్హాముల్లో ఉంటుంది. సాయం చేయబోయి కేసులో ఇరుక్కుంటే నీ తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెబుతారు? ఆసుపత్రి బిల్లుకు ఆసుపత్రిలోనే సామాజిక సేవా విభాగాన్ని అడుగు. వాళ్లు ఎమిరేట్స్ రెడ్ క్రెసెంట్ వంటి అనుమతి పొందిన సంస్థలకు రాస్తారు. దిక్కులేనివాళ్ల టికెట్టుకు, మృతదేహం తరలింపుకు మన ప్రభుత్వం 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అది కాన్సులేట్ ద్వారా అందుతుంది. టాక్సీకి, టైపింగుకు అయ్యే డబ్బు ఆ మనిషి చేతనే నేరుగా ఇప్పించు, నీ చేతి మీదుగా వెళ్లనివ్వకు. ఉచితంగా అయ్యే పనికి ఐదు వందలు గుంజే దళారులు క్యాంపుల చుట్టూ సేవకుల వేషంలోనే తిరుగుతున్నారు. వాళ్లకూ నీకూ తేడా ఉందని కార్మికుడు గుర్తుపట్టేది ఈ ఒక్క విషయంలోనే. పని అయ్యాక సంతోషంగా మిఠాయి పొట్లం తెస్తే తీసుకో, అందరికీ పంచు. కవరు తెస్తే చేతులు జోడించి వెనక్కి ఇచ్చేయి.

సేవ చేయడానికి కూడా ఇక్కడ నియమాలు ఉన్నాయి. దుబాయిలో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అథారిటీ చూస్తుంది. సొంతంగా గుర్తింపు కార్డు అచ్చువేసుకుని తిరగవద్దు. గుర్తింపు ఉన్న సంఘంలో చేరి, వాళ్ల పేరుతో వెళ్లు. మన తెలుగు సంఘాలతో పాటు మలయాళీల దగ్గరికి కూడా వెళ్లి కొన్నాళ్లు వాళ్ల వెనకాల తిరుగు. షార్జాలో ఇండియన్ అసోసియేషన్‌లోనూ, మలయాళీల సంఘం కేఎంసీసీలోనూ దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో వాళ్లకు కంఠతా వచ్చు. అడిగితే ఎవరూ కాదనరు. వాళ్ల నుంచి నేర్చుకోవలసింది మరొకటి ఉంది. వాళ్లు మనిషిని ఊరూ కులమూ అడగరు. మనలో ఆ జబ్బు ఇంకా ఉంది. ఆంధ్రవాడా, తెలంగాణవాడా, ఏ జిల్లా, ఏ పార్టీ అని మనసులో లెక్క మొదలైతే నువ్వు ఈ పనికి పనికిరావు. తెలుగు రాని ఒడియా కుర్రవాడు వచ్చి నిలబడినా అతని పేజీ కూడా నీ పుస్తకంలో తెరవాలి.

ఫొటోల సంగతి వచ్చింది కనుక చెప్పేస్తాను. ఏడుస్తున్న మనిషి పక్కన నిలబడి ఫొటో దిగి, ‘మా కృషితో’ అని రాసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. శవపేటిక పక్కన నిలబడి దిగినవాళ్లనూ చూశాను. ఆ ఫొటో ఆ ఊరి గ్రూపుల్లోకి వెళ్తుంది, చనిపోయినవాడి కూతురు కూడా చూస్తుంది. పైగా అనుమతి లేకుండా ఒకరి ఫొటో తీసి పెట్టడం, కంపెనీని తిడుతూ వీడియో పెట్టడం ఇక్కడి సైబర్ చట్టం కింద నేరం. కష్టంలో ఉన్న కుర్రవాళ్లు ఆవేశంలో వీడియో తీసి ముఖ్యమంత్రికి విన్నపమంటూ పెడుతుంటారు. అది వెయ్యకముందే మనం అందుకోవాలి. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో అర్జీ పెడితే దానికి నంబరు వస్తుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా ఊళ్లో నుంచే అది పెట్టవచ్చు.

అన్నిటికన్నా బరువైన పని మరణం. ఎప్పుడో ఒకప్పుడు నీకు తప్పదు. ఇంటికి కబురు చేయడం దగ్గర మొదలవుతుంది. సాటి గదివాళ్లు ముందే ఫోను చేసి ఏడ్చేయకుండా చూడు, అధికారికంగా నిర్ధారణ అయ్యాకే చెప్పు. ముందు ఇంట్లో నిబ్బరంగా ఉండే మగమనిషికో, మేనమామకో, సర్పంచికో చేసి, వాళ్లు ఆ ఇంటికి వెళ్లి కూర్చున్నాక చెప్పించు. భార్యతో ఆ తరువాత నువ్వే మాట్లాడాలి. ‘ఆసుపత్రిలో ఉన్నాడు, పరిస్థితి బాగాలేదు’ అని రెండు రోజులు నాన్చడం దయ అనుకుంటారు. కాదు. ఆమె ఆ రెండు రోజులు ఉపవాసాలు ఉండి మొక్కులు మొక్కుతుంది. ఉన్నది ఉన్నట్టు, నెమ్మదిగా చెప్పు. ఎలా పోయాడని అడుగుతుంది. వైద్యులు చెప్పిందే చెప్పు, నీ ఊహ కలపకు.

తరువాత కాగితాలు. ఆసుపత్రి మరణ సమాచార పత్రం, పోలీసుల లేఖ, మరణ ధ్రువపత్రం, కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు, నిరభ్యంతర పత్రం, వీసా రద్దు, సోనాపూర్‌లో ఎంబామింగ్, విమాన కార్గో బుకింగ్. ఎవరి చేతికి అప్పగించాలో తెలుపుతూ కుటుంబం సంతకం చేసిన పత్రం మొదటి రోజే తెప్పించు. గుండెపోటు అయితే కొద్ది రోజుల్లో అవుతుంది. ప్రమాదమో, ఆత్మహత్యో, అనుమానమో ఉంటే దర్యాప్తు ముగిసేదాకా పోలీసులు ఇవ్వరు. ఆ మాట కుటుంబానికి ముందే చెప్పాలి. లేకపోతే ఊళ్లో ‘ఎవరో కావాలని ఆపుతున్నారు’ అనే పుకారు పుడుతుంది. దేహాన్ని సిద్ధం చేసి ఇంటికి పంపే ఖర్చు చట్టప్రకారం యజమానిదే. కంపెనీ తరఫున ప్రభుత్వ కాగితాల పని చూసే పీఆర్వోతో గట్టిగా, మర్యాదగా మాట్లాడు. ఈ నడిమి రోజుల్లో దినాలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో, మైల ఎప్పటి నుంచో తెలియక ఇంట్లోవాళ్లు నిన్నే అడుగుతారు. అది వాళ్ల ఇంటి పెద్దలకూ పురోహితుడికీ వదిలేయి, నువ్వు విమానం తేదీ మాత్రం సరిగ్గా చెప్పు. జెబెల్ అలీలో హిందూ శ్మశానవాటిక ఉంది. కోవిడ్ రోజుల్లో చాలామందికి ఇక్కడే దహనం జరిగింది. కానీ కుటుంబం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప ఆ మాట నువ్వు ఎత్తకు. పంపడానికి ఖర్చవుతుందని ఎవరైనా వాళ్లను ఒప్పించబోతే అడ్డుపడు. కడసారి మొహం చూడాలనే తల్లికి నచ్చజెప్పే అధికారం ఎవరికీ లేదు. శంషాబాద్ నుంచి ఇంటి దాకా తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ ఏర్పాటు చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ప్రవాసాంధ్రుల కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ చూస్తుంది. విమానం టికెట్ ఖరారు కాగానే వాళ్లకు ముందుగా తెలియజేయాలి.

చాలామంది సేవకులు పెట్టె విమానం ఎక్కగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు ఆ ఇంటికి కావలసింది ఆ తరువాతే. రావలసిన జీతం, గ్రాట్యుటీ ఉంటాయి. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులు. పనిలో ప్రమాదం వల్ల పోతే 24 నెలల మూల వేతనం పరిహారంగా ఇవ్వాలి. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, రెండు లక్షలకు మించదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అంటే పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టుతో, సక్రమంగా వచ్చినవాడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాద మరణానికి పది లక్షల రూపాయలు. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఏ ట్రంకు పెట్టెలోనో ఉంటుంది, వెతికించు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షల సాయం ప్రకటించింది, దానికి కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టించు. ఇక్కడి డబ్బు రావాలంటే వారసుల ధ్రువపత్రం కావాలి, దానికి విదేశాంగ శాఖ ముద్ర, ఢిల్లీలో యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర కావాలి. బీడీలు చుట్టుకుని బతికే ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి ఇవన్నీ ఒంటరిగా ఎలా తిరుగుతుంది? ఆ ఊళ్లో చదువుకున్న కుర్రవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని ఆమెకు తోడు ఇవ్వు. నీ పుస్తకంలో ఆ పేజీ డబ్బు ఆమె ఖాతాలో పడిన రోజు దాకా మూయకు.

ఆడవాళ్ల విషయం వేరుగా చెప్పాలి. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చేవాళ్లు ఎక్కువగా కువైట్ వెళ్తారు కానీ, విజిట్ వీసా మీద దుబాయి తెచ్చి ఇక్కడి నుంచి ఒమన్‌కు పంపించేవాళ్లూ ఉన్నారు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ముప్పై ఏళ్ల లోపు ఆడవాళ్లను ఇంటిపనికి పంపకూడదని మన దేశంలో నియమం. అది తప్పించుకోవడానికే ఈ విజిట్ వీసా దారి. అలాంటి ఇంటి నుంచి ఒకామె రహస్యంగా ఫోను చేసి ‘అన్నా, నన్ను తీసుకుపో’ అంటే నీ రక్తం ఉడుకుతుంది. ఆ ఇంటికి వెళ్లకు, టాక్సీ పంపకు. ఆమె మీద దొంగతనం కేసు, నీ మీద అంతకంటే పెద్ద కేసు పడతాయి. ఆమె ఉన్న చోటు ఫోనులో పంపించమను, వెంటనే కాన్సులేట్ సహాయ కేంద్రానికి చెప్పు, కొడుతున్నారంటే పోలీసులకు చెప్పించు. మాట్లాడడానికి మన సంఘంలోని ఆడపడుచుల్లో ఒకరిని పెట్టు. కొన్ని సంగతులు ఆమె మగవాడివైన నీతో చెప్పుకోలేకపోతుంది, చెప్పమని అడగడం కూడా తప్పు.

ఎండాకాలం గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. చేయిస్తుంటే ఫిర్యాదు చేయవచ్చని అందరికీ తెలియజేయి.

దానికంటే నాకు భయం కలిగించేది గదిలో మౌనంగా ఉండేవాడు. ఇంటికి ఫోను మానేసినవాడు, మెస్‌కు రానివాడు, తన వస్తువులు పంచిపెడుతున్నవాడు. పక్కన కూర్చుని మాట కలుపు. అప్పు ఎంత అని అడుగు, నిద్ర పడుతోందా అని అడుగు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికి వెనుకాడకు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చాలామంది అడిగితేనే మనసు విప్పుతారు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకు. గదిలోవాళ్లను వంతులవారీగా పక్కన ఉండమను, ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్లు.

నీ గురించి కూడా రెండు మాటలు. నీ ఉద్యోగం జాగ్రత్త. సూపర్‌వైజరుకు చెప్పకుండా డ్యూటీ వదిలి ఆసుపత్రికి పరుగెత్తకు. మన సంఘంలో ఆ సమయానికి ఖాళీగా ఉండే మరొకరిని పంపించు, అందుకే నలుగురం ఉన్నాం. నెలలో ఒక ఆదివారం పూర్తిగా నీకే ఉంచుకో. బట్టలు ఉతుక్కో, నిద్రపో, అమ్మతో తీరిగ్గా మాట్లాడు. మృతదేహం పని చేసిన రోజు రాత్రి ఒంటరిగా గదికి వెళ్లకు, నా దగ్గరికి వచ్చి భోంచేసి వెళ్లు. మీ వదినకు కూడా చెప్పి ఉంచాను.

వచ్చే సంక్రాంతికి ఇంటికి వెళ్తానని రాశావు కదా. అక్కడ ఒక పని చేసిరా. మీ ఊళ్లోనూ చుట్టుపక్కలా గల్ఫ్ ప్రయాణంలో ఉన్న కుర్రవాళ్లను ఒకచోట కూర్చోబెట్టు. ఏజెంటు లైసెన్సు నంబరు మన విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలనీ, లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవలసిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమేననీ చెప్పు. రెండేళ్ల బీమాకు అయ్యేది 275 రూపాయలనీ, విజిట్ వీసా మీద వచ్చి పనిచేస్తే జీతం అడిగే హక్కు కూడా సరిగ్గా నిలవదనీ చెప్పు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ వాకబు చేయమను. నీ మాట వాళ్లు వింటారు, ఎందుకంటే నువ్వు ఇక్కడి నుంచి వెళ్లినవాడివి. కొందరు నవ్వి వెళ్లిపోతారు, వెళ్లనివ్వు. నీ ఫోను నంబరు మాత్రం అందరి దగ్గరా ఉండేలా చూడు. మర్చిపోకుండా వాళ్ల తల్లుల దగ్గర కూడా.

ఆశీస్సులతో,
మీ అన్న